చేపలకన్నా ముందు నీళ్లను పెంచాలి

ఆకుకూర కట్ట చేతిలోకి తీసుకోగానే మన ఆడవాళ్లకు రెండు అనుమానాలు వస్తాయి. ఇది ఏ నీళ్లతో పండిందో? దీని మీద ఏ మందు కొట్టారో? కాళేశ్వరరావు మార్కెట్లో ఎంత ఏరి తెచ్చుకున్నా ఆ అనుమానం తీరదు. పోనీ డాబా మీద మనమే పెంచుకుందామంటే, వన్ టౌన్ ఇళ్లలో ఉండేదే కాస్త జాగా. గోడకు గోడ ఆనుకున్న ఇరుకు మెట్ల మీదుగా మట్టి బస్తాలు మోయించాలి. ఏప్రిల్ వచ్చిందంటే కుండీలకు రెండు పూటలా నీళ్లు పోయాలి. ఒక్కరోజు ఊరెళితే మొక్కలు వడలిపోతాయి.

ఇలాంటి ఇళ్లకు పనికొచ్చే పద్ధతి ఒకటుంది. ఒక తొట్టిలో చేపలు, దాని పక్కనే కంకర నింపిన మడిలో ఆకుకూరలు. చిన్న మోటారు తొట్టిలో నీళ్లను మడిలోకి తోడుతుంది. మడిలోంచి అవే నీళ్లు మళ్లీ తొట్టిలోకి దిగుతాయి. చేపల మలినం మొక్కకు ఎరువు, మొక్క పీల్చుకోగా మిగిలిన నీళ్లు చేపకు శుభ్రం. మట్టి లేదు, యూరియా లేదు. ఆవిరైపోయినంత నీరు పోస్తే చాలు. దీన్నే ఆక్వాపోనిక్స్ అంటున్నారు.

వినడానికి బాగుంది కదూ! మరి ఇంత తేలికైన దాన్ని మొదలుపెట్టినవాళ్లలో చాలామంది నెల తిరక్కుండానే ఎందుకు మానేస్తారు? తొట్టి కొన్న రోజే చేపలూ కొంటారు కాబట్టి. నాలుగో రోజో, వారానికో చేపలు ఒక్కొక్కటే తేలిపోతాయి. పిల్లలు ఏడుస్తారు. "మనకెందుకొచ్చిన గొడవ" అని ఇంట్లోవాళ్లు తొట్టి బోర్లించేస్తారు. ఇంటి ఖర్చులో మిగుల్చుకున్న డబ్బు పోవడం ఒక బాధైతే, మన చేతుల మీదుగా ప్రాణులు పోవడం ఇంకో బాధ. అందుకే ఈ వ్యాసంలో మొదటి ఐదారు వారాల గురించే చెబుతున్నాను. ఆ వారాలు సరిగ్గా గడిస్తే మిగతాదంతా కుండీ మొక్కను చూసుకున్నంత పనే.

చెరువులో లేని చిక్కు తొట్టిలో ఎందుకు?

"కైకలూరు వైపు చెరువుల్లో లక్షల చేపలు పెంచుతున్నారు. తొట్టిలో పది చేపలకు ఇంత హడావిడా?" అని మీకు అనిపించవచ్చు. సరైన ప్రశ్నే.

చేప తిన్న మేత ఊరికే పోదు. అమ్మోనియాగా దాని మొప్పల గుండా నీళ్లలోకి వస్తుంది. మిగిలిపోయిన మేత కుళ్లినా అమ్మోనియాయే. ఇది చేపకు విషం. చెరువులోనైతే అడుగున బురద ఉంటుంది, పైన ఎండ పడుతుంది, నీళ్లు పచ్చగా నాచుతో నిండి ఉంటాయి. ఆ నాచు, ఆ బురదలోని సూక్ష్మజీవులు కలిసి అమ్మోనియాను ఎప్పటికప్పుడు సర్దేస్తాయి. చైనాలో చింగ్‌తియాన్ అనే ప్రాంతంలో వెయ్యేళ్లకు పైగా వరిచేలోనే చేపలు పెంచుతున్నారు. ఆ పద్ధతిని ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ 2005లో ప్రపంచ వ్యవసాయ వారసత్వంగా గుర్తించింది. అక్కడా పని చేసేది పొలంలోని మట్టి, వరి వేళ్లే.

మన ప్లాస్టిక్ తొట్టిలో ఏముంది? బురద లేదు, నాచు లేదు. కుళాయి నీళ్లలో క్లోరిన్ కలిసి వస్తుంది కాబట్టి సూక్ష్మజీవులూ దాదాపు లేవు. తాగడానికి అవి బంగారంలాంటి నీళ్లు. చేపకు మాత్రం పొయ్యి, గిన్నె, పప్పు, ఉప్పు ఏమీ లేని కొత్త ఇల్లు. ముందు సంసారం సర్దాలి, తర్వాత చుట్టాలను పిలవాలి.

కంటికి కనిపించని పనివాళ్లు

ఈ సంసారం సర్దేది రెండు రకాల సూక్ష్మజీవులు. మొదటి రకం అమ్మోనియాను తిని నైట్రైట్‌గా మారుస్తుంది. రెండో రకం ఆ నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తుంది. రెండు పేర్లూ ఒక్కలాగే ఉన్నా తేడా చాలా ఉంది. నైట్రైట్ పేరులో "రైట్" ఉన్నా అది రైటు కాదు, చేపకు విషమే. అది రక్తంలో కలిస్తే రక్తం గాలిని మోయలేదు. నీళ్లలో గాలి ఉన్నా చేప ఊపిరాడక కొట్టుకుంటుంది. నైట్రేట్ మాత్రం చేపకు పెద్దగా హాని చేయదు, మొక్కకు మంచి ఎరువు. ఈ సూక్ష్మజీవులను 1890లో విడదీసి చూపించినది వినోగ్రాడ్‌స్కీ అనే రష్యా శాస్త్రవేత్త.

మనకు తెలిసిన భాషలో చెప్పుకోవాలంటే ఇది పాలు తోడుకోవడం లాంటిది. పాలు గోరువెచ్చగా ఉండాలి, చెంచాడు తోడు పడాలి, గిన్నె కదపకూడదు. అన్నీ చేసినా రాత్రికి రాత్రి ఆగాల్సిందే. మధ్యలో మూత తీసి వేలు పెట్టి చూస్తే పెరుగు తొందరగా రాదు. తేడా ఏమిటంటే, పెరుగుకు ఒక రాత్రి చాలు, ఈ నీళ్లకు సుమారు నాలుగైదు వారాలు కావాలి. పైగా మొదటి రకం ముందు పెరిగి నైట్రైట్ తయారుచేస్తేగాని రెండో రకానికి తిండి దొరకదు. అందువల్ల ఒకదాని తర్వాత ఒకటి రావాల్సిందే. ఆహార వ్యవసాయ సంస్థ 2014లో ఇళ్లలో చేసుకునే ఆక్వాపోనిక్స్ మీద ఒక పెద్ద పుస్తకం తెచ్చింది. వాళ్లు చెప్పేదీ ఇదే, మూడు నుంచి ఐదు వారాలు ఓపిక పట్టమని.

కావలసినవి

300 లీటర్ల ప్లాస్టిక్ తొట్టి - 1 (తిండి పదార్థాలకు పనికొచ్చే రకం. రసాయనాలు పోసిన పాత డ్రమ్ములు వద్దు)
మడికి వెడల్పాటి టబ్బు - 1 (సుమారు మీటరు పొడవు, అర మీటరు వెడల్పు, అడుగు లోతు)
ముప్పావు అంగుళం కంకర - మడి నిండేంత
చిన్న నీటి మోటారు - 1 (ఎయిర్ కూలర్లో వాడేలాంటిది. మీరు పెట్టే ఎత్తుకు గంటకు 300 లీటర్లైనా తోడాలి)
గాలి మోటారు, గాలి రాయి - 1
చుక్కల టెస్ట్ కిట్ - 1 (అమ్మోనియా, నైట్రైట్, నైట్రేట్, పి.హెచ్. నాలుగూ చూపించేది. రంగు చేపల దుకాణాల్లో దొరుకుతుంది)
చేపల మేత - పావుకిలో
దోమతెర గుడ్డ, షేడ్ నెట్ - తొట్టిని, మడిని కప్పేంత
ఒక నోటు పుస్తకం

కంకర కొనేటప్పుడు చిన్న పరీక్ష చేయండి. నాలుగు రాళ్ల మీద వెనిగర్ పోయండి. బుసబుస నురగ వస్తే అందులో సున్నపురాయి ఉన్నట్లు. అది నీళ్ల పి.హెచ్.ను పైకి లాగుతూనే ఉంటుంది, కాబట్టి వద్దు. నురగ రాని కంకరను బియ్యం కడిగినట్లు, నీళ్లు తేటగా వచ్చేదాకా కడగండి.

టెస్ట్ కిట్ దగ్గర మాత్రం పొదుపు చేయకండి. అమ్మోనియాకు రంగు లేదు, మనం గమనించేంత వాసన వచ్చేసరికి ఆలస్యమైపోతుంది. కిట్ లేకుండా చేపలు పెంచడమంటే ఉప్పు చూడకుండా ఊరగాయ పెట్టడమే.

ఎక్కడ పెట్టాలి?

ముందు బరువు లెక్క వేసుకోండి. 300 లీటర్ల నీళ్లంటే 300 కిలోలు. మడిలో కంకర మరో 220 కిలోల పైచిలుకు. మొత్తం అరటన్ను దాటుతుంది. వన్ టౌన్‌లో పాత డాబాలు ఎక్కువ. స్లాబు మధ్యలో కాకుండా కింద గోడగానీ దూలంగానీ ఉన్నచోట పెట్టండి. అనుమానముంటే ఇంజనీరుకో, అనుభవమున్న మేస్త్రీకో చూపించండి. అద్దె ఇల్లయితే యజమానితో ముందే ఒక మాట అనండి. ఇవేవీ కుదరకపోతే కింద వాకిట్లో పెట్టుకోవడమే మేలు.

తర్వాత ఎండ. బెజవాడ ఎండల సంగతి నేను చెప్పాలా! నీళ్లు వేడెక్కిన కొద్దీ వాటిలో కలిసి ఉండే గాలి తగ్గిపోతుంది. అంచేత తొట్టి మీద రోజంతా నీడ ఉండాలి, మడి మీద ఉదయం ఎండ నాలుగైదు గంటలు పడాలి. తొట్టికి వెలుతురు తగలకుండా చుట్టూ గోనెపట్టా కట్టండి. వెలుతురు తగిలితే నాచు పడుతుంది. మన పనివాళ్లకు కూడా, ముఖ్యంగా మొదటి రోజుల్లో, నేరుగా ఎండ పడదు.

మడిని తొట్టికన్నా ఎత్తులో పెట్టాలి. మడిలో నిలువుగా ఒక గొట్టం అమర్చి, నీళ్లు కంకర పైభాగానికి రెండంగుళాల కిందకు రాగానే ఆ గొట్టంలోంచి తొట్టిలోకి దిగేలా చేయించండి. పైన రెండంగుళాలు పొడిగా ఉంటే నాచు పట్టదు, దోమ గుడ్డు పెట్టదు. మోటారును తొట్టి అడుగున కాకుండా ఇటుక మీద పెట్టండి. ఎప్పుడైనా గొట్టం మూసుకుపోయి నీళ్లన్నీ బయటికి పోతున్నా, ఆ ఇటుక ఎత్తు నీళ్లయినా చేపలకు మిగులుతాయి. కరెంటు స్విచ్చి వానకు తడవనిచోట ఉండాలి. ఎర్త్ తప్పనిసరి.

తయారుచేసే విధానం

మొదటి రెండు మూడు రోజులు: తొట్టి నింపి మోటారు, గాలి మోటారు నడపండి. ఎక్కడైనా కారుతోందేమో చూడండి. కుళాయి నీళ్లలో క్లోరిన్ ఈ రెండు రోజుల్లో గాలికి పోతుంది. బోరు నీళ్లు వాడేవాళ్లు ముందు పి.హెచ్. చూసుకోండి. పి.హెచ్. 7కు కొంచెం అటూ ఇటూ ఉంటే మంచిది.

మొదటి వారం: రోజూ ఒక చిన్న చెంచాడు, అంటే నాలుగైదు గ్రాముల మేత పల్చటి గుడ్డలో మూటకట్టి తొట్టిలో వేలాడదీయండి. చేపలు లేకపోయినా ఇది కుళ్లి అమ్మోనియా ఇస్తుంది. మన పనివాళ్లకు ఇదే భోజనం. ఇప్పుడే తోడు కూడా వేయవచ్చు. తెలిసినవాళ్ల ఇంట్లో ఆరోగ్యంగా నడుస్తున్న చేపల తొట్టి ఉంటే, దాని అడుగున గులకరాళ్లు రెండు గుప్పెళ్లు తడి ఆరకుండా తెచ్చి మీ కంకరలో కలపండి. తోడు పడితే వారం, పది రోజులు కలిసొస్తుంది. జబ్బు చేపలున్న తొట్టి నుంచి మాత్రం తేవద్దు.

రెండో వారం: అమ్మోనియా పెరుగుతూ ఉంటుంది. లీటరుకు 2 నుంచి 4 మిల్లీగ్రాముల మధ్య ఉంటే సరి. కిట్ మీద పి.పి.ఎం. అని రాసి ఉండేది ఇదే. 4 దాటితే మేత ఆపండి, ఎంతకీ దిగకపోతే మూడోవంతు నీళ్లు మార్చండి. అమ్మోనియా మరీ ఎక్కువైతే పనివాళ్లకే అజీర్తి. ఈ వారం చివర నైట్రైట్ మొదటిసారి కనిపించవచ్చు. కనిపిస్తే సంతోషించండి, మొదటి రకం పనిలోకి దిగినట్లే.

మూడో వారం: అమ్మోనియా తగ్గడం, నైట్రైట్ పెరగడం చూస్తారు. ఇప్పుడు మడిలో పుదీనా కాడలు గుచ్చండి, బచ్చలి తీగ పెట్టండి. నీళ్లలో ఎరువు ఇంకా పలచగా ఉన్నా ఇవి బతికేస్తాయి. చెంచాడు మేత మాత్రం రోజూ తప్పకూడదు. "చేపల్లేవు కదా" అని మానేస్తే పనివాళ్లు పస్తుంటారు.

నాలుగో, ఐదో వారం: నైట్రైట్ ఎక్కడో ఒకచోట ఆగి, ఒక్కసారిగా దిగడం మొదలెడుతుంది. నైట్రేట్ పెరుగుతుంది. పుదీనా చిగురు వేస్తుంది.

ఇక అసలు పరీక్ష. రోజూ చెంచాడు మేత వేస్తూనే ఉన్నా, వరుసగా వారం రోజులు అమ్మోనియా సున్నా, నైట్రైట్ సున్నా, నైట్రేట్ మాత్రం పెరుగుతూ కనిపిస్తే నీళ్లు పక్వానికి వచ్చినట్లు. మూడింటిలో ఒక్కటి తప్పినా ఇంకా రాలేదనే అర్థం. నీళ్లు తేటగా ఉన్నాయా, మబ్బుగా ఉన్నాయా అన్నదానితో పనిలేదు. తేటనీళ్లలోనూ విషం ఉంటుంది.

రోజూ తేదీ వేసి ఈ అంకెలు నోటు పుస్తకంలో రాయండి. పాల లెక్క రాసుకోవడంకన్నా కష్టమేమీ కాదు. రెండు వారాల అంకెలు పక్కపక్కన చూస్తే మీకే తెలిసిపోతుంది, ఏది ఎక్కుతోందో, ఏది దిగుతోందో.

ఒక ముఖ్యమైన హెచ్చరిక. ఈ ఐదు వారాలూ తొట్టిలో దోమ పిల్లల్ని తినడానికి చేపలుండవు. డెంగీ జ్వరాల ఊళ్లో మూత లేని నీళ్లు ఉంచడం ఇంటికీ, ఇరుగుపొరుగుకీ చేటు. దోమతెర గుడ్డను తొట్టి మూతికి బిగించి కట్టండి. చిన్నపిల్లలున్న ఇంట్లో దాని మీద గట్టి జాలీ కూడా అమర్చండి. అడుగున్నర నీళ్లయినా పసివాళ్లకు ప్రమాదమే.

మధ్యలో వచ్చే మాటలు

నిజం చెప్పాలంటే ఈ పనిలో అమ్మోనియాకన్నా ఇంట్లోవాళ్ల మాటలే ఎక్కువ ఇబ్బంది. "చేపల్లేని తొట్టికి మేత వేసే మనిషిని నిన్నే చూశాను" అంటారు మా అత్తగారు. "ఎన్నాళ్లు ఖాళీ నీళ్లు తిప్పుతావు, కరెంటు దండగ" అంటారు మావారు. పిల్లలు రోజుకోసారి చేపల దుకాణం గుర్తుచేస్తారు. మీ ఇంట్లోనూ ఇంతే అనుకోండి.

కరెంటు మాటకు లెక్కతోనే జవాబు చెప్పాలి. 18 వాట్ల మోటారు రోజంతా తిరిగితే నెలకు 13 యూనిట్లు. గాలి మోటారుకు మరో మూడు, నాలుగు. అంతే! మిగతా మాటలకు నోటు పుస్తకం తెరిచి చూపించండి. మా ఇంట్లో పెద్దాడికి చుక్కలు వేసే పని అప్పగించాను. రంగు మారడం చూస్తుంటే వాడికి అదో సరదా. చేపలెప్పుడని అడగడం మానేసి "అమ్మా, నైట్రైట్ దిగిందే!" అని వాడే అరిచి చెప్పడం మొదలెట్టాడు. ఇంట్లో ఒక్కరు మన వైపు వచ్చినా చాలు.

ఎవరేమన్నా ఆ వారం రోజుల సున్నా రాకుండా చేపలు తేవద్దు. ఇది మన పంతం కాదు. ఆ సున్నా మీద చేప ప్రాణం ఆధారపడి ఉంది. పైగా మన ఎండల్లో ఇది ఇంకా ముఖ్యం. నీళ్లు వేడిగా ఉండి పి.హెచ్. ఎక్కువైతే అదే అమ్మోనియా ఎక్కువ విషమవుతుంది. 30 డిగ్రీల నీళ్లలో పి.హెచ్. 7 నుంచి 8కి ఎక్కితే దాని విషం సుమారు పది రెట్లు పెరుగుతుంది.

ఏ చేపలు తేవాలి?

మనకు అలవాటైన రాగండి, బొచ్చె చెరువు చేపలు. వాటికి ఈ తొట్టి చాలదు. ప్రపంచంలో ఆక్వాపోనిక్స్ చేసేవాళ్లు ఎక్కువగా పెంచేది టిలాపియా. మెరుగుపరిచిన గిఫ్ట్ రకం టిలాపియా మీద మన పక్కనే మానికొండలో రాజీవ్ గాంధీ ఆక్వాకల్చర్ కేంద్రం పని చేస్తూ వచ్చింది. అయితే టిలాపియా పెంపకానికి ప్రభుత్వ నిబంధనలు ఉన్నాయి. మత్స్యశాఖ కార్యాలయంలో అడిగి, అనుమతి ఉన్న హేచరీ పిల్లలనే తెచ్చుకోండి. మన రాష్ట్ర చేప కొర్రమీను కూడా గట్టిదే. పైకొచ్చి గాలి పీల్చుకోగలదు కాబట్టి తొందరగా చనిపోదు. కాకపోతే ఎగిరి దూకుతుంది, చిన్న చేపల్ని మింగేస్తుంది. అన్నీ ఒకే సైజువి తెచ్చి, మూత గట్టిగా పెట్టాలి. ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ పెంపకం మన దేశంలో నిషిద్ధం, ఎవరిచ్చినా తీసుకోకండి. ఏ చేపనైనా వద్దనుకుంటే కృష్ణలోగానీ కాలవలోగానీ వదలకూడదు. బయటి జాతులు అక్కడి చేపల తిండిని లాక్కుంటాయి.

మరి చేప తినని ఇళ్ల సంగతి? వన్ టౌన్‌లో అలాంటి కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. వాళ్లకూ ఇది పనికొస్తుంది. కోయి చేపలు పెంచుకోండి. అవి ఎదిగి తొట్టి చాలకపోతే పెద్ద తొట్టి ఉన్నవాళ్లకు ఇచ్చేయవచ్చు. చేపను కోయనక్కర్లేదు, ఆకుకూర మాత్రం కోసుకోవచ్చు. మొక్కకు కావలసింది మేత తిన్న చేపే, దాని జాతి కాదు.

మొదట నాలుగైదు చేపపిల్లలు చాలు. తెచ్చిన కవరును పావుగంట తొట్టిలో తేలనివ్వండి. తర్వాత కవరులోకి కొద్దికొద్దిగా తొట్టి నీళ్లు పోస్తూ, మరో పావుగంటకు చేపలను వదలండి. మొదటి వారం రోజూ చుక్కలు వేసి చూడండి. అమ్మోనియాగానీ నైట్రైట్‌గానీ 1 దాకా వస్తే మేత ఆపి, క్లోరిన్ పోయిన నీళ్లతో మూడోవంతు మార్చండి. పదిహేను రోజులు సున్నాలో నిలబడితే మిగతా ఐదూ తెచ్చుకోండి. 300 లీటర్లకు పది చేపలు దాటవద్దు. ఐదు నిమిషాల్లో తినేసేంత మేతే వేయాలి.

మొక్కల లెక్క కూడా మేతతోనే. చదరపు మీటరు ఆకుకూరకు రోజుకు 40 నుంచి 50 గ్రాముల మేత నడవాలంటారు. మనది అర చదరపు మీటరు కాబట్టి చేపలు ఎదిగాక 20, 25 గ్రాములు సరిపోతుంది. తోటకూర, పాలకూర, కొత్తిమీర, గోంగూర చక్కగా వస్తాయి. వంగ, మిరప, టమాటా ఆరు నెలలు ఆగి వేసుకోండి. లేత ఆకులు పసుపురంగుకు తిరిగి ఈనెలు మాత్రం పచ్చగా ఉంటే ఇనుము తక్కువైందని గుర్తు. ఎరువుల కొట్లో చీలేటెడ్ ఐరన్ అని అడగండి.

కరెంటు పోతే?

డెల్టాలో చేపల రైతును అడగండి, తెల్లవారుజామున చేపలు పైకి తేలి నోళ్లు తెరుస్తుంటే గుండె ఎలా జారిపోతుందో చెబుతాడు. అది గాలి చాలని గుర్తు. మన తొట్టిలో అయితే మోటారు ఆగిన కొన్ని గంటల్లోనే ఆ స్థితి వస్తుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు వరదలప్పుడు మన ఊళ్లో ఎన్నో ఇళ్లకు రోజుల తరబడి కరెంటు లేదు. కాబట్టి బ్యాటరీతో నడిచే గాలి మోటారు ఒకటి ఇంట్లో ఉంచండి. అదీ లేనప్పుడు మేత పూర్తిగా ఆపేసి, చెంబుతో నీళ్లు తీసి ఎత్తు నుంచి మళ్లీ తొట్టిలోకే పోస్తూ ఉండండి. మేత ఆపితే చేపలకు రెండు రోజులు ఏమీ కాదు.

ఇవి మాత్రం చేయకండి

పండగ శుభ్రం పేరుతో కంకర కడగకండి. సంక్రాంతికి ఇల్లంతా దులపండి, ఆ మడిని మాత్రం వదిలేయండి. కుళాయి కింద ఒక్కసారి తోమితే ఐదు వారాల కష్టం క్లోరిన్‌లో కొట్టుకుపోతుంది. పనిమనిషికి కూడా ముందే చెప్పి ఉంచండి.

తొట్టి దగ్గర ఫినాయిల్, బ్లీచింగ్ వద్దు. దోమల మందు, బొద్దింకల మందు స్ప్రేలు చేపలకు చాలా ప్రమాదం. వీధిలో పొగమందు కొట్టే రోజున తొట్టిని, మడిని కప్పేయండి. ఆకుల మీద పురుగు కనిపిస్తే చేత్తో ఏరేయండి, లేదా నీళ్లు చిమ్మండి.

బలమని చెప్పి పేడనీళ్లు పోయకండి. ఆ నీళ్లే ఆకుకూరకు తగులుతాయి, కడుపులో జబ్బులు తెస్తాయి. కోసిన ఆకును ఎప్పటిలాగే శుభ్రంగా కడిగి వండండి.

నెలకోసారైనా పి.హెచ్. చూడటం మరవద్దు. పనివాళ్లు పని చేసే కొద్దీ అది దిగుతుంది. 6 కిందకు జారితే వాళ్ల పని మందగిస్తుంది. కడిగి ఎండబెట్టిన ఆల్చిప్పలో, కోడిగుడ్డు పెంకులో చిన్న గుడ్డ సంచిలో వేసి తొట్టిలో వేలాడదీస్తే అవి మెల్లగా కరిగి సరిచేస్తాయి.

లాభం ఎంత?

ఉన్నమాట చెప్పుకుందాం. దీంతో ఇల్లు గడవదు, మార్కెట్ మానేయలేం. పది చేపలు బాగా ఎదిగి తలా 200 గ్రాములు తూగితే రెండు కిలోలు, అంటే రెండు ఆదివారాల పులుసు. అసలు లాభం ఆకుకూరలోనే. పప్పులోకి పాలకూర, పచ్చడికి పుదీనా, చారులోకి కొత్తిమీర పొయ్యి మీద గిన్నె పెట్టాక వెళ్లి కోసుకురావచ్చు. ఏ నీళ్లు, ఏ మందు అన్న ప్రశ్న ఉండదు. ఆ నీళ్లను పెంచింది మనమే కాబట్టి.

ఎప్పుడు మొదలుపెట్టాలని అడుగుతారేమో, కార్తీకమాసం నా సలహా. ఎండ తగ్గి ఉంటుంది, చలి ఇంకా ముదరదు, సూక్ష్మజీవులకు హాయైన వాతావరణం. పైగా ఆ నెల చేప ముట్టని ఇళ్లే ఎక్కువ. "తొట్టిలో చేపలేవి?" అని అడిగే నోళ్లకు మీ దగ్గర జవాబు సిద్ధంగా ఉంటుంది. మార్గశిరం మొదటి వారం దాటేసరికి మీ నోటు పుస్తకంలో సున్నాలు వరుసగా నిలబడతాయి. అప్పుడు వెళ్లండి, పిల్లల్ని వెంటబెట్టుకుని, చేపల దుకాణానికి.